ఎర్ర జంపఖానా

కాశిబుగ్గ, వరంగల్
జూలై 14

తమ్ముడు ఓంకార్‌కు,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలని నాకూ తెలుసు. జ్వరాలు లేవు, దగ్గులు లేవు, ఆ లెక్కన క్షేమమే. కాని మనసులో ఒక పురుగు తొలుస్తున్నది. నీకు చెప్పకపోతే అన్నం సయించేటట్టు లేదు.

నువ్వున్న అడవిలో సిగ్నల్ రాదు. ములుగుకు వచ్చిన ఆదివారం ఫోన్ చేస్తావు, నిజమే. కాని మా ఇంట్లో గది ఒకటి, చెవులు ఎన్నో. నేను ఫోన్లో గుసగుసగా అన్న మాట సాయంత్రానికి వాడంతా తిరిగి, కాళ్ళు కడుక్కుని నా ఇంటికే వస్తుంది. వాట్సప్ సంగతి చెప్పనే వద్దు, ఫోటో తీసి పంచుకుంటారు. అందుకే ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడాయన నన్ను ఎగాదిగా చూశాడు. చూడనీ.

సంగతి ఇది. మన మహిత మూడో తరగతికి వచ్చింది కదా. ఈ ఏడు వాళ్ళకు కొత్త టీచరమ్మ వచ్చింది, రుహీ మేడం. హన్మకొండ మనిషి. బడి తెరిచిన కొన్నాళ్ళకే పిల్లలకు పరీక్ష పెట్టింది. రాసే పరీక్ష కాదు. ఒక్కొక్కరిని తన కుర్చీ దగ్గరికి పిలిచి, ఒక కాగితం చేతికిచ్చి, చదవమన్నది. వాళ్ళు చదువుతుంటే తను ఏవో టిక్కులు పెట్టుకున్నది. ఆ వారం నుంచి పిల్లలు బెంచీల మీద కూర్చోవడం లేదు. మూడు గుంపులు చేసి కింద కూర్చోబెట్టింది. పరుచుకునేందుకు ఏమైనా కావాలంటే మా మామ లక్ష్మీనర్సయ్య మురిసిపోయి, తాను నేసిన జంపఖానాలు మూడు మోసుకుపోయి ఇచ్చాడు. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది, ఒకటి నీలిది.

మహిత నీలి జంపఖానా మీద, తలుపు పక్కన. బోర్డుకు దగ్గరగా ఎర్రది. దాని మీద ఎవరెవరున్నారో కిటికీ దగ్గర నిలబడి చూసి వచ్చాను. శ్యాంసుందర్ బిడ్డ లహరి ఉన్నది. శ్యాంసుందర్ అంటే బడి ఎదురుగా జిరాక్స్ దుకాణం ఆయన. మరి ఆ పరీక్ష కాగితం జిరాక్స్ ఎక్కడ తీసి ఉంటారంటావు? నేనేమీ అనడం లేదు. అడుగుతున్నాను అంతే.

మేడంనే అడిగాను. 'ఇవి మార్కుల గుంపులు కాదమ్మా, ఎవరికి ఏం చెప్పాల్నో నాకు తెలిసేతందుకు' అని నవ్వింది. ఊరికే నవ్వేవాళ్ళ మీద నాకు నమ్మకం తక్కువ.

నువ్వూ సారువే కదా, నిజం చెప్పు. చదువు రానివాళ్ళను తలుపు దగ్గరికి నెట్టి, వచ్చినవాళ్ళకు చెప్పి పేరు తెచ్చుకునే కిటుకా ఇది? మామ అప్పుడే మహితను 'మా నీలి జంపఖానా' అని పిలుస్తున్నాడు, ముద్దుగానే. నాకు కడుపు మండుతున్నది. నా చదువు ఇంటర్ దగ్గర ఆగింది, ఎట్లా ఆగిందో నీకు తెలుసు. నా బిడ్డది ఆగనివ్వను.

మీ అక్క
సుహాసిని


ఆశ్రమ పాఠశాల, తాడ్వాయి మండలం
ఆగస్టు 2

అక్కా,

నీ ఉత్తరం వాగు పొంగి రెండు రోజులు అవతలి ఒడ్డునే ఆగి, తడిసి వచ్చింది. కోపం మాత్రం తడవలేదు.

ఆ కిటుకు ఏమిటో చెప్తాను, ఎందుకంటే నేనూ అదే చేస్తున్నాను. నా మూడో తరగతిలో అక్షరాల దగ్గరే తడబడే పిల్లలున్నారు. పదం చదివి వాక్యం దగ్గర ఆగిపోయేవాళ్ళున్నారు. కథ చదివి నన్నే ప్రశ్నలడిగేవాళ్ళూ ఉన్నారు. అందరికీ కలిపి ఒకే పాఠం చెబితే సగం మందికి నిద్ర, సగం మందికి భయం. అందుకే ముందు ఒక్కొక్కరితో చదివించి, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో చూస్తాను. ఒకే చోట ఆగినవాళ్ళను ఒక దగ్గర కూర్చోబెడతాను. రోజూ కాసేపు ఆ చిన్న గుంపు మధ్యలో నేను కూర్చుంటాను, అప్పుడు మిగతావాళ్ళు తమ పని చేసుకుంటారు. నెలన్నరకో రెండు నెలలకో మళ్ళీ చదివించి గుంపులు మారుస్తాను. మార్చకపోతే అది గుంపు కాదు, మన కాలం నాటి వెనక బెంచీ.

ఇంకో మాట. చదవడంలో నీలి గుంపు పిల్ల లెక్కల్లో ఎర్ర గుంపులో ఉండవచ్చు. మహిత లెక్కలప్పుడు ఎక్కడ కూర్చుంటున్నదో చూశావా? చూసి ఉండవు. కిటికీ దగ్గర నిలబడేవాళ్ళకు తాము చూడాలనుకున్నదే కనబడుతుంది.

తలుపు పక్కన ఎందుకంటే అక్కడ చప్పుడు తక్కువ అయి ఉంటుంది, వెలుతురు ఎక్కువ అయి ఉంటుంది. ప్రతిదానికీ కుట్ర ఉండదు. నువ్వు దయచేసి ఇంట్లో దాన్ని తోమకు. నీకు పరీక్ష అంటే యుద్ధం. దానికి ఎనిమిదేళ్ళు.

బావను, మామయ్యను అడిగానని చెప్పు.

ఓంకార్


కాశిబుగ్గ
సెప్టెంబర్ 21

తమ్ముడూ,

ఎర్ర జంపఖానా. ముందు ఈ మాట రాసి, తర్వాత మిగతావి రాస్తున్నాను.

మొన్న మేడం మళ్ళీ చదివించింది. మన మహిత ఊపిరి తీసుకోకుండా, ఒక్క మాట తప్పు పోకుండా చదివిందట. 'చాలా బాగా చదివింది' అని మేడం తన నోటితోనే అన్నది. తెల్లారి నుంచి ఎర్ర జంపఖానా మీద, లహరి పక్కన. వాడలో పాలకోవా పంచాను. మీ బావ మరమగ్గం డ్యూటీ దిగి వచ్చి, కోవా నోట్లో వేసుకుని, 'అది నిజంగ చదివిందా?' అని ఒక్క మాట అడిగి పడుకున్నాడు. నాతో ఇన్నేళ్ళు ఉన్నాడు కదా, అనుమానం ఆయనకూ అంటుకున్నట్టుంది.

ఎట్లా ఎక్కిందని అడుగుతావు. తల్లి కూర్చోబెట్టింది, పిల్ల కూర్చున్నది. నేను మగ్గానికి నూలు కండెలు చుడుతూ చెప్పిస్తాను, అది రాట్నం చప్పుడుకు తల ఊపుతూ చెబుతుంది. ఈ ఇంట్లో అందరి చదువూ ఇట్లాగే. మామకు అంచు డిజైన్ల లెక్క ఏ కాగితం మీదా లేదు, నోట్లోనే ఉంది. వాళ్ళ నాయన పాడినట్టు చెబితే ఈయన విని పట్టుకున్నాడు. ఏం చెప్పించానన్నది నీకు అనవసరం. జిరాక్స్ దుకాణం ఉన్నవాళ్ళకు ఒక దారి ఉంటే, లేనివాళ్ళకు ఇంకో దారి ఉంటుంది.

లెక్కల సంగతి అడిగావు. అది లెక్కల్లో మొదటి నుంచీ ఎర్ర జంపఖానా మీదే ఉన్నదట. నాకు ఎవరూ చెప్పలేదు. సరే, నువ్వు గెలిచావు అనుకో. కాని మనుషులు 'మీ బిడ్డ చదువుతదా' అని అడుగుతారు కాని 'కూడుతదా' అని అడగరు.

ఒక్కటే నాకు నచ్చలేదు. ఎర్ర జంపఖానా మీద కూర్చున్నాక మేడం మహిత వైపు అదే పనిగా చూస్తున్నది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. పుస్తకం చేతికిచ్చి, దాని ముఖం చూసి, పుస్తకం మళ్ళీ తీసేసుకున్నది. మగ్గాల ఇంటి పిల్ల పైకొస్తే కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాళ్ళు ఉంటారు. చూద్దాం.

అక్క


తాడ్వాయి మండలం
అక్టోబర్ 5

అక్కా,

కోవా నాకు అందలేదు, సంతోషం అందింది. అయినా నాలోనూ ఒక పురుగు మొదలైంది. అది నీ ఉత్తరంలోంచే వచ్చింది కాబట్టి నీకే తిప్పి పంపుతున్నాను.

అక్షరాల గుంపులో ఉన్న పిల్ల రెండు నెలల్లో కథల గుంపుకు దూకడం నేను చూడలేదు. ఒక మెట్టు ఎక్కుతారు, చురుకైనవాళ్ళయితే మెట్టున్నర. మహిత చురుకైనదే, కాదనను. కాని ఎర్ర గుంపు పిల్లలకు మేడం ఇప్పుడు తెలియని కథలిచ్చి చదవమంటుంది. అక్కడ ఆగిపోతే, అందరూ చదివేవాళ్ళ మధ్యలో కూర్చుని ఆ పిల్ల ఎవరిని అడుగుతుంది? వెనకబడ్డ గుంపులో ఉండటం కష్టం కాదక్కా. తనది కాని గుంపులో ఉండటం కష్టం.

ఈ కవరులో ఇంకో చిన్న కాగితం పెట్టాను. అది మహితకు. నాలుగు వాక్యాలే, పెద్ద అక్షరాలతో రాశాను. నువ్వు ముందు చదివి వినిపించవద్దు. దాని చేతికిచ్చి చదవమను. ఎట్లా చదివిందో ఉన్నది ఉన్నట్టు రాయి.

దసరాకు రాలేను. కొందరు పిల్లలు ఇళ్ళకు పోలేదు, ఈసారి వాళ్ళను చూసుకునే వంతు నాది. బతుకమ్మకు మహితను తీసుకుని అమ్మావాళ్ళింటికి వెళ్ళు, అమ్మ ఎదురుచూస్తుంది.

ఓంకార్


కాశిబుగ్గ
నవంబర్ 3

ఓంకార్,

నా బిడ్డకు పరీక్ష పెట్టడానికి నువ్వు కూడా తయారయ్యావా? నీ కాగితం గడగడా చదివింది. వాగులో చేపలు చూపిస్తానని రాశావు కదా, ఎప్పుడు చూపిస్తావని అడుగుతున్నది. చాలా?

ఇక అసలు సంగతి. మహిత నెల రోజులుగా సరిగా లేదు. బడి అనగానే కడుపునొప్పి. దవాఖానకు తీసుకుపోయాను, డాక్టరమ్మ నొక్కి చూసి ఏమీ లేదన్నది. ఆదివారం నొప్పి రాదు. అంటే నొప్పి ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియడానికి డాక్టర్ చదువు చదవాలా?

లహరిని పక్కకు పిలిచి బిస్కెట్ ఇచ్చి అడిగాను. అన్నాలు తిన్నాక మేడం రోజూ మహితను ఒక్కదాన్నే వరండా చివరి గదిలోకి తీసుకుపోతుందట. తలుపు దగ్గరికి వేస్తుందట. వచ్చేటప్పుడు మహిత కళ్ళు ఎర్రగా ఉంటాయట. నేను మహితను అడిగితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. 'ఏం జేస్తదే మేడం నిన్ను?' అని భుజాలు పట్టి అడిగాను. 'ఏం జెయ్యది' అని గోడకు తిరిగింది. బెదిరించకపోతే పిల్ల ఇట్లా అవుతుందా? నిప్పు లేకుండా పొగ రాదు.

నేను ఊరుకోలేదు. తల్లులం ఏడెనిమిది మందిమి కూర్చుని దరఖాస్తు రాశాం. రాసింది నేనే, నా అక్షరాలు బాగుంటాయి కదా. పిల్లలను రంగుల వారీగా విడదీస్తున్నదని, తనకు నచ్చనివాళ్ళను వేరే గదిలో పెట్టి హింసిస్తున్నదని, ఆ మేడం ఈ బడిలో వద్దని రాశాను. ఒకామె మేడం మతం కూడా తీసింది. ఆ మాట నేను కాగితం మీద పెట్టనివ్వలేదు. కాని ఆమెను నోరు మూసుకోమని కూడా అనలేదు. విద్యాశాఖ నుంచి సారు విచారణకు వస్తాడట.

ఇప్పుడు నీ వంతు. బతుకమ్మకు అమ్మావాళ్ళింటికి పోయినప్పుడు నీ ట్రంకు పెట్టె తెరిచాను. ఎందుకు తెరిచావని అడగకు, నాకు అనుమానం వచ్చింది, తెరిచాను. నువ్వు టీచర్ ట్రైనింగ్ చేసిన డైట్ కాలేజీ ఫోటో దొరికింది. రెండో వరుసలో చివర తల మీద చున్నీ వేసుకుని నవ్వుతున్న పిల్ల ఎవరు? ఆ నవ్వు నేను గుర్తుపట్టలేననుకున్నావా? రుహీ మేడం నీతో చదువుకున్నది. మూడు నెలలుగా నేను ఆమె గురించి రాస్తుంటే నువ్వు ఒక్క మాట చెప్పలేదు. పైగా ఆమె చేసేదంతా మంచిదేనని పాఠం చెప్పావు. పిల్లికి ఎలుక సాక్ష్యం. నువ్వు నా తమ్ముడివా, ఆమె తరఫు వకీలువా?

సుహాసిని


తాడ్వాయి మండలం
నవంబర్ 11

అక్కా,

అవును, రుహీ నా క్లాస్‌మేట్. నీ మొదటి ఉత్తరంలోనే పేరు చూసి గుర్తుపట్టాను. చెప్పలేదు. చెబితే గుంపుల గురించి నేను రాసిన ఒక్క ముక్క కూడా నువ్వు నమ్మవని తెలుసు. చెప్పకపోవడం వల్ల ఇప్పుడూ నమ్మవు. దాచి నేను సాధించింది ఏమీ లేదు. తర్వాతి ప్రశ్న నువ్వు అడగకముందే చెప్తున్నాను, నువ్వు అనుకుంటున్నది ఏమీ లేదు. ఉన్నా నీకు చెప్పను, ట్రంకు పెట్టెలు తెరిచే మనిషివి.

నీ ఉత్తరం అందిన రోజే ములుగు బస్సెక్కి, సిగ్నల్ దొరికిన చోట నిలబడి ఆమెకు ఫోన్ చేశాను. చదువు అయిపోయాక చేయడం ఇదే మొదటిసారి. మహిత నా మేనకోడలని చెప్పి, ఆ గదిలో ఏం జరుగుతున్నదని సూటిగా అడిగాను. ఆమె, 'ఆ పిల్లకు మాటిచ్చిన ఓంకార్. మెమో వస్తె రానియ్యి, బదిలీ అయితె కానియ్యి. చెప్తె మాత్రం ఆ పిల్ల ఇంకెవ్వరినీ నమ్మది' అన్నది. నేను ఇంకా అడిగితే ఫోన్ పెట్టేసింది.

రుహీ ఎట్లాంటిదో నేను సర్టిఫికెట్ ఇవ్వను, నువ్వు తీసుకోవు. ఒక్క సంగతి ఆలోచించు. హింసించే మనిషి తన ఉద్యోగం మీదికి వచ్చినప్పుడు పిల్లకు ఇచ్చిన మాట కోసం నోరు కట్టుకుంటుందా? ఆ గదిలో ఉన్నది ఆమె రహస్యం కాదు. మహిత రహస్యం. దాన్ని మహిత ఎవరి నుంచి దాస్తున్నదో చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

అక్కా, ఇంతకుముందు అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను. నా కాగితం మహిత నిజంగా చదివిందా?

విచారణ ఎప్పుడో తెలియదు. ఆ రోజు నువ్వు మాట్లాడకముందు ఈ ఉత్తరం అందాలని కోరుకుంటున్నాను.

ఓంకార్


కాశిబుగ్గ
డిసెంబర్ 7

తమ్ముడూ,

నీ ఉత్తరం విచారణకు ముందు రోజు అందింది. జవాబు ఇన్నాళ్ళు రాయలేకపోయాను. కోపంతో కాదు, సిగ్గుతో.

దసరాకు ముందు నువ్వు పంపిన కాగితం అప్పుడే మహితకు ఇచ్చాను. నువ్వు రాశావని కూడా చెప్పలేదు, 'చదువు' అన్నాను అంతే. రెండు చేతులతో పట్టుకుంది. మొదటి మాట కింద వేలు పెట్టి గొంతు సవరించుకుంది. 'ఎల్లవ్వ మేక తప్పిపోయింది. ఎల్లవ్వ ఊరంతా వెతికింది. మేక గడ్డివాము వెనక నిద్రపోతున్నది' అని చదివింది. వేలు నువ్వు రాసిన వాగు మీద ఉన్నది, నోట్లో మేక ఉన్నది. అయిపోయాక మెప్పు కోసం నా ముఖంలోకి చూసింది. నేను శాబాష్ అన్నాను.

ఎల్లవ్వ మేక పరీక్షలో ఇచ్చిన పేరా. మొదటి పరీక్ష అయ్యాక లహరి మా ఇంటికి ఆడుకోవడానికి వచ్చి ఆ నాలుగు మాటలు అప్పగించింది. అది చదివినప్పుడు గుర్తుండిపోయిందేమో, పిల్ల కదా. నాకు మాత్రం జిరాక్స్ దుకాణమే కనబడింది. వాళ్ళకు ముందే తెలిస్తే నా బిడ్డకు ఎందుకు తెలియకూడదని, రాట్నం దగ్గర కూర్చోబెట్టి మహితతో వల్లె వేయించాను. రెండోసారి కూడా మేడం అదే పేరా ఇచ్చింది. అట్లా ఎక్కింది నా బిడ్డ ఎర్ర జంపఖానా.

నీ కాగితం చూసి అది మేక కథ చెప్పిన రోజే నాకు అర్థమైంది. అర్థమయ్యాకే దరఖాస్తు రాశాను. మేడంకు తెలిసిపోయి ఉంటుంది, పిల్లను గదిలో పెట్టి నిలదీస్తున్నది, రేపు పదిమందిలో నా పరువు తీస్తుంది అనుకున్నాను. ముందు నేనే ఆమె పరువు తీస్తే సరిపోతుందనుకున్నాను. నీకు గడగడా చదివిందని రాసింది కూడా అందుకే.

విచారణకు కిషన్ రావు సారు వచ్చాడు. నెమ్మదైన మనిషి. తల్లులం అందరం వరుసగా కూర్చున్నాం. మేడం ఒక్కతే పక్కన నిలబడింది. పిల్లలను గుంపులు చేయడం తప్పు కాదని, అట్లా చేయమని తామే చెప్పామని సారు ముందే అన్నాడు. వేరే గదిలో ఏం జరుగుతుందని అడిగాడు. మేడం, ఆ పిల్లకు అదనంగా చదువు చెబుతున్నానని, అంతకంటే చెప్పేది లేదని అన్నది. మా వాళ్ళు ఊరుకుంటారా? ఎర్ర జంపఖానా పిల్లకు అదనపు చదువు ఎందుకని ఒకామె లేచింది. ప్రశ్న సరైనదే, తమ్ముడూ. నేను నేర్పిన అనుమానమే అది.

సారు మహితను పిలిచి, గోడ మీది చార్టు చూపించి, చదవమ్మా అన్నాడు. మహిత నా దగ్గరికి రాలేదు. పోయి మేడం చున్నీ కొస పట్టుకున్నది. మేడం దాని తల మీద చెయ్యి పెట్టి, 'పొద్దటిసంది జరం మీద ఉన్నది సార్. దాన్ని ఇడిచిపెట్టుండ్రి, ఏదున్నా నన్ను అడుగుండ్రి' అన్నది. జ్వరం లేదు. నేనే తల దువ్వి పంపాను, నాకు తెలియదా? నా దరఖాస్తు సారు చేతిలో పెట్టుకుని ఉండగా, ఆమె నా బిడ్డ కోసం అబద్ధం ఆడింది.

కూర్చోలేకపోయాను. లేచి, 'నా బిడ్డకు చదువ రాదు సార్. పరీక్ష నేను బట్టీ పట్టిచ్చిన. మేడం తప్పు లేదు' అన్నాను. మహిత తల ఎత్తి నన్ను చూసింది, నేను కొడతానేమోనని కాదు, నేను ఎవరో కొత్తదాన్ని అన్నట్టు.

అప్పుడు మేడం నోరు విప్పింది. ఒకే పేరా రెండుసార్లు ఇవ్వడం తన పొరపాటని తానే ఒప్పుకున్నది. ఇకనుంచి ప్రతిసారీ కొత్తది ఇవ్వాలని సారు చెప్పి, దరఖాస్తు అక్కడితో ఆపేశాడు. తర్వాత వరండాలో మేడం దగ్గరికి వెళ్ళాను. ఎర్ర జంపఖానాకు వచ్చిన మొదటి వారమే పుస్తకం ఇస్తే మహిత మేక కథ చెప్పిందట. పేజీలో ఉన్నది కుందేలు. నీలి గుంపుకు మారుస్తానంటే ఏడ్చి కాళ్ళు పట్టుకున్నదట, 'అమ్మకు చెప్పకుండ్రి' అని. అందుకే అందరి ముందు ఎర్ర దాని మీద ఉంచి, మధ్యాహ్నం ఆ గదిలో అక్షరాల నుంచి మొదలుపెట్టింది. మరీ దాచాల్సిన అవసరం ఏముందని అడిగాను. మేడం ఇబ్బందిపడి, 'కిటికీ కాడ మీరు ఉంటరు గదమ్మా' అన్నది.

నాకు క్షమాపణ చెప్పడం రాదు, నీకు తెలుసు. చేతులు పట్టుకున్నాను. ఆమె పట్టుకోనిచ్చింది. మళ్ళీ స్నేహంగా మాట్లాడుతుందో లేదో తెలియదు, అడిగే ముఖం నాకు లేదు.

మహితను నీలి జంపఖానాకు మార్చారు. అక్షరాలు వచ్చాయి, గుణింతాల దగ్గర ఉన్నది. కడుపునొప్పి తగ్గింది. తల్లులు మాత్రం నాతో మాట్లాడటం మానేశారు. మేడం నన్ను ఎట్లా లోబరుచుకున్నదో అని నల్లా దగ్గర చెప్పుకుంటున్నారట. మీ తమ్ముడూ ఆమే ఒక్క కాలేజీ అట కదా అని ఒకామె నా ముందే అన్నది. అది వాళ్ళకు ఎట్లా తెలిసిందో మరి. ఆ ఫోటో చూసిన కోపంలో నేనే చెప్పి ఉంటాను.

వాళ్ళు మాట్లాడకపోయినా బతుకుతాను. మహిత మాట్లాడకపోవడమే ప్రాణం తీసింది. విచారణ తర్వాత నాలుగైదు రోజులు అడిగినదానికి తల ఊపడం తప్ప నోరు తెరవలేదు. పుస్తకం తీస్తే నాకు వీపు పెట్టి కూర్చునేది. నేనూ ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండటం ఎంత కష్టమో నాకు ఇప్పుడే తెలిసింది.

నిన్న సాయంత్రం చిక్కుడుకాయలు తుంచుతున్నాను. అది పుస్తకం ముందు పెట్టుకుని, ఒక మాట దగ్గర ఆగింది. ఇదివరకైతే ఏదో ఒకటి కల్పించి చెప్పేసి, నా ముఖం చూసేది. ఈసారి చాలాసేపు ఆ మాటనే చూసింది. తర్వాత పుస్తకం నా వైపు తిప్పి, 'అమ్మా, గిది నాకు వస్తలేదు' అన్నది.

గిన్నె పక్కన పెట్టి, దగ్గరికి జరిగి, 'ఏదీ బిడ్డా' అన్నాను.

వేలు పెట్టి చూపించింది.

అక్క